దందదాన్ రెండు సీజన్లూ అయిపోయాయి, దెయ్యాల కంటే ఆ ఇద్దరి కబుర్లే గుర్తుంటున్నాయి (స్పాయిలర్లు ఉన్నాయి, చూసుకుని దిగండి)

రాత్రి_షిఫ్ట్:
నాలుగు రోజుల్లో 24 ఎపిసోడ్లు. షిఫ్ట్ దిగి తెల్లారి ఐదింటికి రూముకి రావడం, ఒక్కటి చూసి పడుకుందాం అనుకోవడం, తొమ్మిదింటికి రూమ్మేట్ లేచి "ఇంకా పడుకోలేదా బే" అనడం, ఇదే వరస.

చూడనివాళ్లకి రెండు ముక్కలు. ఇది జపాన్ యానిమే, అంటే వాళ్ల బొమ్మల సిరీస్. మోమో అనే ఇంటర్ వయసు అమ్మాయికి దెయ్యాలంటే నమ్మకం, ఎందుకంటే వాళ్ల బామ్మ సేయ్‌కో దెయ్యాలు వదిలించే మనిషి. గ్రహాంతరవాసులంటే మాత్రం నవ్వుతుంది. అదే స్కూల్లో ఫ్రెండ్స్ ఎవరూ లేని ఒక కళ్లజోడు కుర్రాడు, వాడికి గ్రహాంతరవాసులే లోకం, దెయ్యాలు లేవు గియ్యాలు లేవు అంటాడు. పందెం వేసుకుని ఆ పిల్ల పాడుబడ్డ ఆసుపత్రికి, వాడు దెయ్యం ఉందనే టన్నెల్‌కి వెళ్తారు, ఫోన్‌లో ఒకళ్లనొకళ్లు వెక్కిరించుకుంటూ. ఒకే రాత్రి ఇద్దరి మాటా నిజమవుతుంది. పిల్లని సెర్పో గ్రహం వాళ్లు ఎత్తుకెళ్తారు, పిల్లాడికి టర్బో బామ్మ అనే ముసలి దెయ్యం పడుతుంది.

నాకు పట్టుకున్నది ఆ గోల కాదు. అంతకు ముందు ఒక చిన్న సీను ఉంది చూడండి. వాడి మీద వెనకనుంచి కాగితం ఉండలు విసురుతుంటారు, మోమో వచ్చి మధ్యలో కూర్చుంటుంది. లెక్చర్ ఏమీ ఇవ్వదు. ఊరికే కూర్చుంటుంది అంతే. వాడేమో "నీకూ గ్రహాంతరవాసులంటే ఇష్టమా" అని వెంటపడతాడు, పిచ్చోడు. 24 ఎపిసోడ్లూ ఆ కూర్చోవడం మీదే నడిచాయని నా ఫీలింగ్. దెయ్యాలు వస్తాయి పోతాయి, వీళ్లిద్దరూ ఒకరి సొద ఒకరు వింటారు. ఒప్పుకుంటారా, కొడతారా?

గోదారి_గట్టు:
కొడతాను. మా అబ్బాయి పెట్టాడు, మొదటి ఎపిసోడ్ సగంలో లేచిపోయాను. అంతరిక్షం వాళ్లు ఆ పిల్లని ఎత్తుకెళ్లి బల్లమీద పడుకోబెట్టిన సీను వస్తున్నప్పుడే మా ఆవిడ కాఫీ పట్టుకుని హాల్లోకి వచ్చింది. నా మొహం ఎక్కడ పెట్టుకోవాలి? పైగా టర్బో బామ్మ ఆ కుర్రాడి దగ్గర్నుంచి ఏం ఎత్తుకుపోయిందో ఇక్కడ రాయడానికి కూడా నాకు సిగ్గేస్తోంది. దానికోసం వెతకడమే కథట. ఇది ప్రేమకథా?

రాత్రి_షిఫ్ట్:
గట్టు గారూ, ఆ వస్తువు గురించి జపాన్ వాళ్లకి అదొక మాటతో ఆట. వాళ్ల వాడుకలో దాన్ని బంగారు బంతి అంటారు, అందుకే సిరీస్‌లో అది నిజంగానే మెరిసే బంగారు బంతిలా కనిపిస్తుంది. మన వైపు మాటతో ఆడితే బూతు అవుతుంది, అక్కడ పిల్లల జోకు. సెర్పో సీను గురించి మాత్రం మీతో ఏకీభవిస్తా, నాకూ ఇబ్బందిగానే అనిపించింది.

మాంగా_మామ:
నేను దీని మాంగా, అంటే మూలమైన జపాన్ కామిక్, 2021 నుంచి చదువుతున్నా. యుకినోబు తత్సు రాసి గీస్తాడు, షూయేషా వాళ్ల షోనెన్ జంప్ ప్లస్‌లో ఆ ఏడాది ఏప్రిల్‌లో మొదలైంది. అది ఆన్‌లైన్ పత్రిక. అంతకుముందు ఆయన వేరేవాళ్ల దగ్గర అసిస్టెంట్, చైన్‌సా మ్యాన్ గీసిన ఫుజిమోతో దగ్గర కూడా. ఆ గీత చూస్తే తెలుస్తుంది, ఒక్కో పేజీ పట్టుకుని పది నిమిషాలు కూర్చోవచ్చు. యానిమే సైన్స్ సారు అనే స్టూడియో వాళ్లది, డైరెక్టర్ ఫూగా యమషిరో. మొదటి సీజన్ 2024 అక్టోబరు నుంచి డిసెంబరు, రెండోది 2025 జూలై నుంచి సెప్టెంబరు, చెరి పన్నెండు.

ఇంకోటి, పేరు దందదాన్ కాదు, డాండడాన్.

చింతచిగురు:
మామా, ఓపెనింగ్ పాటలో క్రీపీ నట్స్ వాళ్లు మొదట్లోనే పేరు పలుకుతారు, హెడ్‌ఫోన్ పెట్టుకుని విను. దంతాలకి నాలుక తగులుతోంది. ద.

మాంగా_మామ:
విన్నాను. డ.

నిర్వాహకుడు:
ద, డ గొడవకి వేరే దారం (థ్రెడ్) తెరవండి. ఇక్కడ కథ మాట్లాడండి.

చింతచిగురు:
సరే కథ. నేను ఏడో ఎపిసోడ్ గురించి రాయాలనే లాగిన్ అయ్యాను. నాకు ఆరేళ్ల పాప ఉంది, ముందే చెప్తున్నా, ఆ దృష్టితోనే చూశాను.

ఆక్రోబాటిక్ సిల్కీ అనే దెయ్యం, పొడుగు జుట్టు, ఎర్ర గౌను, గాల్లో మెలికలు తిరుగుతూ వస్తుంది. ఆరో ఎపిసోడ్ దాకా భయమే. ఐరా అనే అమ్మాయి వెంట పడుతుంది, నా కూతురు అంటుంది. ఏడులో ఆవిడ బతుకు చూపిస్తారు. ఒంటరి తల్లి, అప్పు, పగలూ రాత్రీ ఏ పని దొరికితే ఆ పని. ఇంటికొస్తే పాప బ్యాలే చేసి చూపిస్తుంది, ఒళ్లు విరిగిపోతున్నా ఆవిడా లేచి పాపతో ఆడుతుంది. తర్వాత అప్పులవాళ్లు వస్తారు, పాపని తీసుకుపోతారు. ఆ తల్లి చెప్పుల్లేకుండా కారు వెనకాల పరిగెత్తే సీను దగ్గర నేను ఆపేశాను. వంటింట్లోకి వెళ్లి గిన్నెలు తోమాను. మళ్లీ వచ్చి చూశాను. ఆ తర్వాత ఆవిడ ఏం చేసుకుందో నేను రాయను, మనసు బాగోలేని రోజుల్లో మాత్రం ఆ ఎపిసోడ్ పెట్టుకోకండి, నిజంగా చెప్తున్నా.

దాదాపు మాటలే ఉండవు ఆ భాగంలో. ఎవరూ ఏడుస్తూ డైలాగు చెప్పరు.

పాత_టేప్‌రికార్డర్:
చెల్లాయ్, బాగా రాశారు కానీ ఇది మన హారర్ కామెడీ ఫార్ములానే కదా? ఫస్టాఫ్‌లో దెయ్యం భయపెడుతుంది, కమెడియన్ తడుపుకుంటాడు, సెకండాఫ్‌లో ఫ్లాష్‌బ్యాక్, పాపం దెయ్యానికి అన్యాయం జరిగింది, క్లైమాక్స్‌లో విలన్‌ని గోడకేసి కొట్టడం. ఇరవై ఏళ్లుగా ఇవే చూస్తున్నాం. జపాన్ వాళ్లు చేస్తే కళ, మనవాళ్లు చేస్తే ఫార్ములానా?

రాత్రి_షిఫ్ట్:
ఈ ప్రశ్న నాకూ వచ్చింది అన్నా. తేడా ఎక్కడుందంటే, ఇక్కడ పగ తీరదు. ఆ అప్పులవాళ్ల మొహాలు మళ్లీ కనపడవు, ఎవర్నీ గోడకేసి కొట్టరు. పాప ఏమైందో ఆవిడకీ తెలీదు, మనకీ తెలీదు. ఆవిడ చేసేదల్లా, తన చేతుల్లో చనిపోయిన ఐరాకి తనలో మిగిలిన శక్తి అంతా ఇచ్చి బతికించడం. ఐరా ఎవరు? చిన్నప్పుడు అమ్మ పోయిన దుఃఖంలో దారిలో ఈ దెయ్యాన్ని చూసి "అమ్మా" అని పిలిచిన పిల్ల. ఒక్క పిలుపు. దాన్ని పట్టుకుని అన్నేళ్లు తిరిగింది. కోరిక తీరని ఆత్మ పోతే ఎవరికీ గుర్తు కూడా లేకుండా మాయమైపోతుందట, ఆ మాట విన్నాక ఐరా ఆవిడని గట్టిగా పట్టుకుంటుంది. మన సినిమాలో అయితే అక్కడ విలన్ రావాల్సిందే, ప్రొడ్యూసర్ ఊరుకోడు.

పాత_టేప్‌రికార్డర్:
సరే, అది పాయింటే. సగం ఒప్పుకున్నా. మిగతా సగం చూశాక చెప్తా.

బొమ్మల_పిచ్చి:
రంగుల గురించి ఎవరూ మాట్లాడట్లేదేంటి? మామూలు ప్రపంచం మామూలు రంగుల్లో ఉంటుంది, ఒక దెయ్యమో గ్రహాంతరవాడో వచ్చి తన ఆవరణ వేయగానే ఫ్రేమ్ మొత్తం ఒకే రంగులోకి దిగిపోతుంది. టర్బో బామ్మ టన్నెల్‌లో అంతా ఎరుపు, మనుషులు కూడా. పాత ఫోటోలు కడిగే గదిలో ఉన్నట్టు. సౌండ్ పెట్టకపోయినా ఎవరి జాగాలో ఉన్నామో తెలిసిపోతుంది.

గ్రహాంతరవాళ్లూ భూతాలూ ఎలా ఉండాలో గీయడానికి విడిగా యోషిమిచి కమెదాని పెట్టుకున్నారు, మనుషుల్ని గీసింది వేరే మనిషి. అందుకే రెండూ ఒకే లోకానివి కానట్టుంటాయి. సంగీతం కెన్సుకె ఉషియో. గొంతుల సంగతి చెప్పాలంటే ఒకరున్‌కి చెప్పింది నత్సుకి హనాయె, డీమన్ స్లేయర్ యానిమే హీరో తంజిరోకి చెప్పినతనే. టర్బో బామ్మకి మయుమి తనకా, అంటే వన్ పీస్ యానిమేలో కుర్ర హీరో లూఫీకి చెప్పినావిడ. లూఫీ గొంతుతో ఆ ముసలి బూతులు వింటుంటే నాకు రెండు నిమిషాలు పట్టింది తేరుకోవడానికి.

గోదారి_గట్టు:
ఒకరున్ ఎవరు? నాకు ఆ పేరు వినపడినప్పుడల్లా "ఒకరు" అనే వినిపించింది. ఒకరు వచ్చారు, ఒకరు పోయారు.

బొమ్మల_పిచ్చి:
హహ. ఆ కళ్లజోడు కుర్రాడే సార్. అసలు పేరు కెన్ తకాకురా. ఆ పేరుతో నిజంగా జపాన్‌లో పెద్ద హీరో ఉండేవాడు, 2014లో చనిపోయారు, మాట తక్కువ, మొహంలో ఏమీ చూపించడు, మగతనం అంటే ఆయనే అన్నట్టు. మోమోకి ఆయనంటే పిచ్చి, అబ్బాయిలు అలా ఉండాలని ఆశ. ఇంత గోల అయ్యాక చివర్లో ఈ బక్కోడు "నా పేరు కెన్ తకాకురా" అంటాడు. పిల్లకి గుండె జారిపోతుంది. ఆ పేరుతో పిలవడానికి నోరు రాక, వాడి ఒకల్ట్ (అంతుచిక్కని వింతల) పిచ్చి మీద ఒకరున్ అని పేరు పెడుతుంది. మనవాళ్లు అభిమాన హీరో పేరున్న పక్కింటి అబ్బాయిని "ఏయ్" అని పిలుస్తారే, అలాంటిదే.

చింతచిగురు:
నాకు ప్రేమ భాగంలో బాగా నచ్చింది ఐదో ఎపిసోడ్‌లో స్కూలు పొద్దున. ముందు రోజు రాత్రి ఒకళ్ల ప్రాణం ఒకళ్లు కాపాడుకున్నారు, తెల్లారేసరికి మాట్లాడాలంటే బెరుకు. ఈ పిల్ల వాడొస్తాడేమో అని చూస్తుంది, వాడు ఈ పిల్లే వస్తుందేమో అని చూస్తాడు, ఒకరికొకరు తగలరు. దెయ్యంతో పోట్లాడ్డం కంటే కారిడార్‌లో పలకరించడం కష్టం. ఆ వయసులో నిజంగా అంతే కదా.

డల్లాస్_బాబాయ్:
మా వాడికి 13. స్కూల్లో అందరూ చూస్తున్నారని అడుగుతున్నాడు. ఇక్కడ అభిప్రాయాలు చదివాక ఇంకా కన్ఫ్యూజ్ అయ్యాను. ఒకరు ఏడిపించింది అంటారు, ఒకరు కాఫీ చల్లారిపోయింది అంటారు. చూపించొచ్చా వద్దా, సూటిగా చెప్పండి.

మాంగా_మామ:
బాబాయ్, 13కి వద్దు. మొదటి ఎపిసోడ్‌లో సెర్పో సీనూ, మొదటి సీజన్ ఆఖర్లో వేడినీళ్ల స్నానాల దగ్గర మోమోని మగాళ్లు చుట్టుముట్టే చోట ఆపేయడమూ, ఈ రెండూ అక్కర్లేని పనులే. కథ గొప్పదని వాటిని వెనకేసుకురాను. డిసెంబర్‌లో ఆ సీను మీద ఆపి జూలై దాకా మమ్మల్ని కూర్చోబెట్టారు, అది సస్పెన్స్ కాదు, చిరాకు. హైస్కూల్ అమ్మాయి భయాన్ని హుక్ లాగా వాడుకోవడం అనేది ఈ పరిశ్రమకి పాత జబ్బు.

రాత్రి_షిఫ్ట్:
మామ చెప్పింది రైట్. నేను ఆ ముగింపు దగ్గర ఫోన్ మంచం మీదకి విసిరేశా. బాబాయ్, 16, 17 వచ్చాక పక్కన కూర్చుని చూడండి, రిమోట్ మీ చేతిలో.

డల్లాస్_బాబాయ్:
థాంక్స్ అమ్మా. అంటే మూడేళ్లు ఈ దారం గుర్తుపెట్టుకోవాలి. ప్రస్తుతానికి నేనొక్కణ్నే రాత్రి బేస్‌మెంట్‌లో చూస్తా.

పాత_టేప్‌రికార్డర్:
టర్బో బామ్మ అనేది రచయిత పుట్టించింది కాదనుకుంటా? హైవే మీద కారు పక్కనే పరిగెత్తే ముసలమ్మ కథ ఎక్కడో విన్నాను.

మాంగా_మామ:
అవునన్నా, జపాన్‌లో పాత పుకారు అది. టన్నెల్లో కారు స్పీడు పెంచితే ముసలమ్మా పెంచుతుంది, ఆఖరికి కిటికీ కొడుతుంది. ఈ సిరీస్‌లో సగం జీవాలు ఎక్కడో జనం నిజంగా చెప్పుకున్నవే. సుమో పట్టే ఫ్లాట్‌వుడ్స్ రాక్షసుడు అమెరికాలో వెస్ట్ వర్జీనియాలో 1952లో చూశామని చెప్పుకున్నది. డోవర్ డెమన్ మసాచుసెట్స్‌లో 1977 నాటి కబురు. ఒకరున్ లాంటి పిల్లలు దాచుకునే పత్రికల్లోంచి ఎత్తినట్టుంటాయి అన్నీ.

జపాన్‌లో పుకార్లు ఆషామాషీ కాదు. 1979లో నోరు చెంపలదాకా చీలిన ఆడమనిషి దారి కాస్తోందని పుకారు లేస్తే పిల్లల్ని గుంపులుగా ఇళ్లకి పంపారట.

చింతచిగురు:
మనకి "ఓ స్త్రీ రేపు రా" లేదూ! మా అమ్మమ్మగారి వీధిలో ప్రతి తలుపు మీదా సుద్దతో రాసి ఉండేది. మా తాతయ్య టీచరు, ఒత్తులు సరిగ్గా లేవని పక్కింటి తలుపు మీద రాత దిద్దొచ్చారు.

రాత్రి_షిఫ్ట్:
😂😂 దెయ్యానికి అక్షరదోషాలు ఉండకూడదు.

టర్బో బామ్మ మీద ఇంకో మాట. నాలుగో ఎపిసోడ్ దాకా నోటికొచ్చినట్టు తిట్టే ముసలి దెయ్యమే. తర్వాత సేయ్‌కో చెప్తుంది, అమ్మాయిలు ఘోరంగా చనిపోయిన చోట్లలోనే ఈ ముసలావిడ కనపడుతుందని, వాళ్ల ఆత్మలకి తోడుగా ఉంటుందని. ఆ టన్నెల్‌ని పట్టుకుని ఉన్న పెద్ద పీత దెయ్యం ఆ అమ్మాయిలే. ముప్పావు గంట నవ్వించి పరిగెత్తించి ఆ ఒక్క వాక్యం చెప్పి ఊరుకుంటారు. ఆ తర్వాత ఆ ముసలావిడ పిల్లిబొమ్మలో ఇరుక్కుని ఇంట్లోనే తిష్ట వేస్తుంది, అదే జపాన్ షాపుల్లో చెయ్యి ఊపే పిల్లి. తిట్లు మాత్రం మానదు.

కరీంనగర్_పోరడు:
అందరూ ఏడో ఎపిసోడ్ అంటున్నరు. నన్ను కొట్టింది అది కాదు, తొమ్మిది, పది. రొయ్య లాంటి బాక్సర్ వస్తడు కదా, డోవర్ డెమన్ అని. స్కూలు మొత్తం నీళ్లల్ల ముంచి వీళ్లని చితక్కొడతడు. ఓడిపోయినంక తెలుస్తది, వాడు కిరాయి మనిషి. ఇంటి దగ్గర కొడుక్కి జబ్బు, రక్తం ఎక్కిస్తూ ఉండాలె, రక్తానికి పైసలు కావాలె. అందుకే వేరే గ్రహాలల్ల దెబ్బలు తినే పని ఒప్పుకున్నడు.

మా నాయన పదకొండేళ్లు దుబాయ్‌ల ఉన్నడు. కన్‌స్ట్రక్షన్. రెండేళ్లకొకసారి వచ్చేటోడు, సూట్‌కేస్ తెరిస్తే టైగర్ బామ్ వాసన. అక్కడ ఏం పని చేస్తున్నవ్ అంటే "మంచిగనే ఉన్నది రా" అనేటోడు. నేను టెన్త్‌ల ఉన్నప్పుడు వచ్చినప్పుడు చెయ్యికి కట్టు, జారి పడ్డ అన్నడు. ఆ రొయ్య కొడుకు ఫోటో చూసుకునే సీన్ల నేను నాయనని చూసిన. నవ్వొచ్చే ఆకారం వాడిది, బాక్సింగ్ గ్లౌజుల లెక్క చేతులు, చూస్తే కామెడీ. అయినా ఏడ్చిన. నాయనకి ఫోన్ చేసిన, ఏమన్నా తిన్నవా అని అడిగి పెట్టేసిన.

గోదారి_గట్టు:
తమ్ముడూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. మా వైపు అంతా రొయ్యల చెరువులే, రొయ్యకి కొడుకు మీద బెంగ అంటే నవ్వాలో వద్దో తెలీలేదు. తొమ్మిదో ఎపిసోడ్ అన్నావు కదా. సరే.

బొమ్మల_పిచ్చి:
రెండో సీజన్ గురించి ఒక కబురు. దెయ్యం వదిలించడానికి రాక్ బ్యాండ్‌ని పిలిపిస్తారే, జుట్లు నిలబెట్టి మొహాలకి రంగులేసుకుని, ఆ పాట ఎక్స్ జపాన్ బ్యాండ్ పాటలా ఉందని 2025 ఆగస్టులో ఆ బ్యాండ్ నాయకుడు యోషికీ పోస్ట్ పెట్టాడు, ముందు ఒక మాట చెప్పాల్సింది కదా అని. నిర్మాతలు బహిరంగంగా క్షమాపణ చెప్పారు. నా మటుకు నాకు అది ప్రేమతో చేసిన అనుకరణే, గిటార్ వాయించింది మార్టీ ఫ్రీడ్‌మన్, కానీ చెప్పాపెట్టకుండా చేస్తే ఎవరికైనా ఒళ్లు మండుతుంది.

చింతచిగురు:
రెండో సీజన్‌లో ఈవిల్ ఐ పిల్లాడి కథ మరీ అన్యాయం. మన దిష్టి అనుకుని తేలిగ్గా మొదలుపెట్టా. దాని కళ్లల్లోకి చూస్తే చావాలనిపిస్తుంది, అదీ దాని శక్తి. తీరా చూస్తే అది ఊరికోసం బలి ఇచ్చేసిన చిన్న పిల్లాడు. కొట్టులో బంధిస్తే కిటికీలోంచి బయట ఆడుకునే పిల్లల్ని చూస్తూ ఉండేవాడు. ఆడుకోవాలనే కోరిక తీరలేదు, చచ్చాక అది పగ అయింది. జిజి అనే కుర్రాడు వాడి మీద జాలిపడి మనసు తెరుస్తాడు, వాడు జిజిలో దూరిపోతాడు. చన్నీళ్లు పడితే దెయ్యం, వేడి నీళ్లు పోస్తే జిజి. ఇంట్లో వాళ్లు కెటిల్ పట్టుకుని తిరగడం చూసి పడీపడీ నవ్వాను, రెండు నిమిషాల ముందు గొంతు పూడుకుపోయి ఉంది.

పాత_టేప్‌రికార్డర్:
నేను అక్కడిదాకా వచ్చా చెల్లాయ్. వాణ్ని చంపకుండా, వదిలించకుండా, "వారానికోసారి వచ్చి నీతో ఆడతా, నన్ను కొట్టుకో" అని ఒకరున్ మాట ఇస్తాడు చూడండి. ఆడుకోవడం అంటే ఆ దెయ్యానికి చంపుకోవడమే, వీడికీ తెలుసు. నా మిగతా సగం కూడా ఒప్పుకున్నా. మన ఫార్ములాలో దెయ్యానికి అపాయింట్‌మెంట్ ఇచ్చినవాడు లేడు.

రాత్రి_షిఫ్ట్:
అపాయింట్‌మెంట్ 😂 మూడో సీజన్ ప్రకటించేశారు అన్నా, అందాకా మాంగా ప్లస్ యాప్‌లో తాజా అధ్యాయాలు ఉచితంగానే ఉంటాయి, ఇంగ్లిష్‌లో. గట్టు గారూ ఎక్కడ? మళ్లీ లేచిపోయారా?

గోదారి_గట్టు:
ఇక్కడే ఉన్నాను. మొదటి ఎపిసోడ్ దాటేశాను, మా అబ్బాయి కథ నోటితో చెప్పాడు. ఏడోది రాత్రి అందరూ పడుకున్నాక చూశాను. దాని గురించి ఏమీ రాయను. తొమ్మిది, పది ఇవాళ మధ్యాహ్నం చూశాను, ఈసారి మా ఆవిడ కూడా కాఫీతో కూర్చుంది. ఆ రొయ్య తండ్రికి ఆవుపాలు వాళ్ల రక్తానికి దగ్గరగా ఉంటాయని తెలిసిందట, ఆవునే వెంట పెట్టుకుని వాళ్ల గ్రహానికి వెళ్లిపోయాడు. కథ అంతా బానే ఉంది కానీ మా ఆవిడ అడుగుతోంది, అక్కడ ఆ ఆవుకి గడ్డి ఎవరు వేస్తారని. మాంగాలో ఏమన్నా రాశాడా మామా?